పాటకు పెట్టని చెట్లు

విశ్వావసు నామ సంవత్సర ఉగాది. 2025 మార్చి 30, ఆదివారం. పొద్దున పచ్చడి తిన్నారు, టీవీల్లో పంచాంగ శ్రవణం విన్నారు. వానలు బాగా పడతాయనే చెప్పారు సిద్ధాంతులు. సాధారణంగా చెప్పేదీ అదే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టళ్లలో పండక్కి ఇంటికి పోని పిల్లలకు మాత్రం ఆ రోజు వినిపించింది వేరే చప్పుడు. క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి సర్వే నంబరు 25లోకి జేసీబీలు వరుసగా దిగాయి. చుట్టూ పోలీసు బందోబస్తు. విషయం తెలిసి పరుగెత్తుకొచ్చిన విద్యార్థుల్ని పట్టుకుని వ్యాన్లలోకి ఎక్కించారు. అలా ఎక్కించిన వాళ్లు యాభై మందికి పైనే.

రాత్రయినా పని ఆగలేదు. ఫ్లడ్‌లైట్లు పెట్టి మరీ చదును చేశారు. ఆ రాత్రి హాస్టల్ గదుల నుంచి ఊళ్లకు పోయిన ఫోన్లలో ఒకటి ఇలా సాగి ఉంటుంది:

"ఏం చప్పుడే బిడ్డా అది? పెళ్లి బ్యాండా?"

"కాదమ్మా, జేసీబీలు. చెట్లు కూలగొడుతున్నరు."

"మరి ఆ అరుపులేంది?"

"నెమళ్లు."

ఆ నెమళ్ల అరుపుల వీడియోను రాష్ట్రంలో చూడని ఫోను లేదంటే అతిశయోక్తి కాదు. కొన్నాళ్లకు కృత్రిమ మేధతో తయారుచేసిన దొంగ బొమ్మలు కూడా ఇలాంటి వీడియోల్లో కలిశాయి. ప్రభుత్వం వాటిని పట్టుకుని మొత్తం గొడవంతా కల్పితమే అనబోయింది. బొమ్మల్లో కొన్ని దొంగవే. నెమళ్లు మాత్రం నిజం. నాలుగు రోజుల తర్వాత హైకోర్టు రిజిస్ట్రారే స్వయంగా వెళ్లి చూసొచ్చారు.

సోమవారం రంజాన్. మంగళవారం రంజాన్ మర్నాటి సెలవు. కోర్టులకు తాళాలు. పండగ పూట ఒక్క కులం సర్టిఫికెట్ చేతికిచ్చిన సర్కారు ఆఫీసును ఎవరైనా చూశారా? ఈ పని మాత్రం రాత్రింబవళ్లు సాగింది. దీర్ఘ సెలవు చూసుకుని ముందే వేసుకున్న పథకంలా ఉందని దేశ ప్రధాన న్యాయమూర్తి తర్వాత మే నెలలో అన్నది ఇందుకే.

ఈ కథ చాలామంది చాలా రకాలుగా రాశారు. భూమి ఎవరిది, డబ్బెంత, ఏ పార్టీ ఏమన్నది, అన్నీ వచ్చాయి. రానిది ఒకటుంది. ఆ చెట్ల లెక్క. సర్కారు నేల మీది చెట్టు సర్కారు సొత్తు. దాన్ని నరకాలన్నా, అమ్మాలన్నా ఒక పద్ధతి ఉంది. అది నిన్న మొన్న పుట్టింది కాదు, నూరేళ్లు దాటిన పద్ధతి. ఆ పద్ధతి ఏమిటో తెలిస్తే తప్ప ఉగాది రాత్రి జరిగింది ఎంత పెద్ద విషయమో అర్థం కాదు.

జీడిమెట్ల నుంచి బహదూర్‌పల్లి వైపు పోతుంటే దూలపల్లి వస్తుంది. ఫ్యాక్టరీ షెడ్లు, అపార్టుమెంట్ల బోర్డులు దాటాక ఒక్కసారిగా చెట్లు మొదలవుతాయి. ఆ చెట్ల మధ్యే రాష్ట్ర అటవీ అకాడమీ, దాని పక్కన అటవీ జీవ వైవిధ్య పరిశోధన సంస్థ. మన అడవుల్లో తిరిగే బీట్ అధికారులకు, రేంజర్లకు చదువు చెప్పే బడి అదే. చెట్టును ఎలా కొలవాలి, ఎలా గుర్తు పెట్టాలి, కలప ఎంత వస్తుందో ఎలా లెక్క కట్టాలి అన్నది వాళ్ల పాఠాల్లో ఒక ముఖ్యమైన భాగం.

ఆ పాఠం ఇలా ఉంటుంది. అడవిని ముందుగా ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కను కూపు అంటారు. అడవిని నలభై కూపులు చేశారనుకోండి, ఏడాదికి ఒక్క కూపులోనే గొడ్డలి పడాలి. నలభై ఏళ్లు తిరిగాకే మళ్లీ మొదటి కూపు వంతు. ఏ కూపు ఏ సంవత్సరం, ఏ జాతి చెట్టు ఎంత లావు దాటితే కొట్టొచ్చు, ఎన్ని చెట్లను విత్తనానికి వదలాలి, అంతా ఒక పుస్తకంలో రాసి ఉంటుంది. దాన్ని వర్కింగ్ ప్లాన్ అంటారు.

కూపు వంతు వచ్చిన ఏడు సిబ్బంది లోపలికి వెళ్తారు. ఒకరి చేతిలో టేపు, ఒకరి చేతిలో రిజిస్టరు, ఇంకొకరి చేతిలో సుత్తి. టేపు మనిషి చెట్టు చుట్టుకొలత ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర, కొలిచి అరుస్తాడు. రిజిస్టరు మనిషి నంబరు వేసి రాసుకుంటాడు. అప్పుడు గొడ్డలితో బెరడు రెండు చోట్ల చెక్కుతారు. ఒకటి ఛాతీ ఎత్తులో, రెండోది నేలకు జానెడు పైన. రెండు చోట్లా సుత్తితో ముద్ర పడుతుంది. సర్కారు ముద్ర.

రెండో ముద్ర ఎందుకంటే, చెట్టును కొట్టి దుంగను బండికెత్తాక పై ముద్ర దుంగతోపాటు వెళ్లిపోతుంది. కింది ముద్ర మోడు మీద ఉండిపోతుంది. ఆర్నెల్లకో ఏడాదికో తనిఖీకి వచ్చిన అధికారి మోళ్లు లెక్కపెడతాడు. ముద్ర ఉన్న మోడు అమ్మిన చెట్టుది. ముద్ర లేని మోడు దొంగిలించిన చెట్టుది. రిజిస్టరులో ఉన్నవి మూడొందలు, నేల మీద మోళ్లు మూడొందల నలభై ఉంటే ఆ నలభైకీ ఎవడో ఒకడు సమాధానం చెప్పాలి. కాంట్రాక్టరు అయినా, గార్డు అయినా.

లెక్క అయ్యాక వేలం. ఊళ్లో దండోరా, పేపర్లో ప్రకటన. పాటలో పాల్గొనేవాళ్లు ముందుగా ధరావతు కట్టాలి. రేంజి ఆఫీసు ముందు టేబులు, దాని మీద కాగితాలు, ఎదురుగా బెంచీల మీద కలప వ్యాపారులు. అధికారి లేచి కూపు నంబరు, సరిహద్దులు, చెట్ల సంఖ్య చదువుతాడు. ఇప్ప, చింత, మామిడి ముట్టుకోకూడదని హెచ్చరిస్తాడు. ఆ తర్వాత అసలు మాట: సర్కారు వారి పాట ఇంత. అక్కణ్నుంచి మొదలు.

ఒకటోసారి. రెండోసారి.

పద్ధతి కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉంది కదా అని అడవులు చల్లగా ఉన్నాయనుకోకండి. వ్యాపారులు వేలానికి ముందు రాత్రే కూర్చుని రింగ్ అయ్యేవాళ్లు. ఈ కూపు నీకు, ఆ కూపు నాకు. మర్నాడు బెంచీ మీద అందరూ నోరు మూసుకుంటే సర్కారు వారి పాట మీద వందో రెండొందలో పెరిగి మూడోసారి అనేసేవాళ్లు. కూపు చేతికొచ్చాక సరిహద్దు రాళ్లు రాత్రికి రాత్రి నడిచి వెళ్లేవి. దొంగ సుత్తులు పుట్టాయి. ఆదిలాబాద్ టేకు అడవుల్లో ఒకవైపు కాంట్రాక్టరు బండ్లకొద్దీ దుంగలు దర్జాగా తోలుకుపోతుంటే, ఇంకోవైపు ఇంటి వాసానికి ఒక కర్ర తెచ్చుకున్న గోండును అటవీ చౌకీదారు కేసులో పెట్టేవాడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ తూటాకు బలైన పోరాటం వెనక ఈ కడుపుమంట కూడా ఉంది. జల్, జంగల్, జమీన్ అన్నప్పుడు జంగల్ అంటే ఆకుపచ్చని దృశ్యం కాదు. కర్ర కొట్టుకునే హక్కు ఎవరిదన్న ప్రశ్న.

సర్కారు తన పాటకు తానే గండి కొట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. పేపరు మిల్లులకు వెదురును ఏళ్లకు ఏళ్లు కారుచౌకగా ఇచ్చారు. బుట్టలల్లే మేదరి కులస్తులు సంతలో కొనే వెదురు ఖరీదు, మిల్లు కట్టే ఖరీదు పక్కపక్కన పెడితే ఎవరికి రాయితీ దక్కిందో తెలిసేది. ఇది మన ఒక్కరి జబ్బు కూడా కాదు. అమెరికా వాళ్లు అలాస్కాలోని టోంగాస్ అడవిని 1950లలో గుజ్జు మిల్లులకు యాభై ఏళ్ల ఒప్పందాల మీద కట్టబెట్టారు. రోడ్లకు సర్కారు పెట్టిన ఖర్చు కూడా కలప అమ్మకంలో రాలేదని గగ్గోలు పుట్టి, చివరకు 1990లో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసి ఆ ఒప్పందాల మెడలు వంచాల్సి వచ్చింది. పక్కనే కెనడాలో నిలువు చెట్టుకు ప్రభుత్వం వసూలుచేసే రుసుము తక్కువని, అది దొడ్డిదారి సబ్సిడీ అని అమెరికా నలభై ఏళ్లుగా తగువు పడుతూనే ఉంది. సర్కారు చెట్టుకు ధర కట్టడం ఎక్కడైనా పేచీయే.

మన దగ్గర కాంట్రాక్టర్ల ఆగడం భరించలేక తర్వాత శాఖే స్వయంగా నరికించి, దుంగల్ని డిపోలకు చేర్చి, అక్కడ లాట్లుగా పేర్చి అమ్మడం మొదలైంది. 1975లో అటవీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. జామాయిల్ తోటలు వేసింది, పెంచింది, నరికి మిల్లులకు అమ్మింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ సంస్థ వేరుపడింది. ఇప్పుడు పాట బెంచీల మీద కాదు, కంప్యూటర్లో. అయినా ఎన్ని చెట్లు, ఎంత లావు, ఎన్ని టన్నులు అన్న లెక్క లేకుండా అమ్మకం లేదు.

ఈ సంస్థ నిర్వహణలోనే కొత్తగూడలో బొటానికల్ గార్డెన్ ఉంది. కంచ గచ్చిబౌలి అక్కడికి దగ్గరే. ఒక చోట జామాయిల్ మొద్దును కూడా తూకం వేసి అమ్మే సర్కారే, రెండు మూడు మైళ్ల అవతల వంద ఎకరాల చెట్లను తూకం లేకుండా, పాట లేకుండా, రిజిస్టరు లేకుండా పెళ్లగించింది.

అక్కడికి వచ్చే ముందు ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. ఆయన లేకపోతే ఈ కథకు రెండో సగం లేదు.

కేరళలో నీలంబూర్ రాజవంశం. ఆ వంశానికి చెందిన టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్. తమిళనాడు నీలగిరుల్లో గూడలూరు వైపు వాళ్ల కుటుంబం చేతిలో ఉన్న అడవులు చట్టం ద్వారా ప్రభుత్వం పరమయ్యాయి. పోతే పోయాయి, సర్కారు చేతిలోనైనా బతుకుతాయనుకున్నాడు. చూస్తుండగానే కలప లారీలు బారులు తీరాయి. రాజుగారి అడవి సర్కారు అడవి అయ్యాక అది కాంట్రాక్టరు అడవి అయ్యింది. 1995లో సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. రిట్ పిటిషన్ నంబరు 202.

1996 డిసెంబరు 12న జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ బి.ఎన్. కిర్పాల్ ఇచ్చిన ఉత్తర్వు దేశంలో గొడ్డళ్లను ఒక్కసారిగా ఆపింది. కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ లేకుండా ఏ అడవిలోనూ చెట్టు కొట్టకూడదన్నారు. దానికంటే పెద్ద మాట ఇంకొకటి అన్నారు. అడవి అంటే రికార్డులో అడవి అని రాసున్నది మాత్రమే కాదు. నిఘంటువు ప్రకారం అడవి అనిపించుకునేది ఏదైనా అడవే, అది ఎవరి పేరున ఉన్నా సరే. రాష్ట్రాలు కమిటీలు వేసి అలాంటి నేలలన్నీ గుర్తించి జాబితా ఇవ్వాలన్నారు.

గోదావర్మన్ 2016లో కన్నుమూశారు. కేసు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. జాబితాలు మాత్రం చాలా రాష్ట్రాల్లో సాగుతూ, నానుతూ వచ్చాయి. విసిగిపోయిన సుప్రీంకోర్టు 2025 మార్చి 4న మళ్లీ గడువు పెట్టింది. నెల రోజుల్లో నిపుణుల కమిటీ వేయండి, అడవిలాంటి నేలలు గుర్తించండి అంది. తెలంగాణ ప్రభుత్వం మార్చి 15న కమిటీ వేసింది.

సరిగ్గా పదిహేను రోజులకు జేసీబీలు దిగాయి. ఏది అడవో తేల్చే కమిటీ ఇంకా కాగితాలు సర్దుకుంటుండగానే, తేల్చాల్సిన నేలల్లో ఒకటి చదునైపోతోంది.

ఇప్పుడు ఆ నేల సంగతి. 1974లో సెంట్రల్ యూనివర్సిటీ పెట్టినప్పుడు రెండు వేల మూడొందల ఎకరాల పైచిలుకు భూమి ఇచ్చారు. పేరు మీద పక్కాగా బదలాయించలేదు. అప్పటి నిర్లక్ష్యమే ఇప్పటి తగువుకు విత్తనం. 2003లో చంద్రబాబు ప్రభుత్వం క్రీడా వసతుల పేరుతో ఐఎంజీ భారత అనే సంస్థతో ఒప్పందం చేసుకుని ఇందులో 400 ఎకరాలు కేటాయించింది. 2006లో వైఎస్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. సంస్థ కోర్టుకెక్కింది. పద్దెనిమిదేళ్లు నడిచిన వ్యాజ్యంలో 2024 మార్చిలో హైకోర్టు, మే నెలలో సుప్రీంకోర్టు రాష్ట్రం వైపే తీర్పిచ్చాయి. భూమి పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ, అంటే టీజీఐఐసీ చేతికి వచ్చింది. దాన్ని అభివృద్ధి చేసి వేలం వేయాలని ప్రకటన వెలువడింది.

ప్రభుత్వం వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కోర్టుల్లో గెలిచిన భూమి. రెవెన్యూ రికార్డుల్లో ఎక్కడా అడవి అని లేదు. ఐటీ కారిడార్ మధ్యలో ఉంది, కంపెనీలొస్తే లక్షల ఉద్యోగాలొస్తాయి. నిజమే, రికార్డుల్లో లేదు. కానీ పద్దెనిమిదేళ్లు మనుషులు తగువులాడుకుంటుంటే చెట్టు ఆగదు కదా. ఎవరూ దున్నని, ఎవరూ కట్టని నేలలో తుప్పలు చెట్లయ్యాయి. రాళ్ల గుట్టలు, నీటి గుంటలు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు, నెమళ్లు. రెవెన్యూ వాళ్ల పుస్తకంలో అది పోరంబోకు. గోదావర్మన్ కేసు నిఘంటువులో అది అడవి.

ఏప్రిల్ 2, బుధవారం. సెలవులు అయిపోయాయి. కోర్టులు తెరిచారు. విద్యార్థుల తరఫున, వట ఫౌండేషన్ తరఫున వేసిన పిటిషన్ల మీద హైకోర్టు మర్నాటి దాకా పనులు ఆపమంది.

ఏప్రిల్ 3, గురువారం. ఢిల్లీలో జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ ఎ.జి. మసీహ్ ధర్మాసనం విషయాన్ని తనంతట తానే చేపట్టింది. తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రారు వెంటనే వెళ్లి చూసి, ఆ మధ్యాహ్నం మూడున్నరకల్లా నివేదిక పంపాలని ఆదేశించింది. ఆ మధ్యాహ్నం దృశ్యాన్ని ఊహించుకోవచ్చు. సాధారణంగా ఫైళ్ల మధ్య గడిపే న్యాయాధికారి ఎండలో ఎర్రమట్టి మీద నిలబడ్డారు. చుట్టూ భారీ యంత్రాలు. వేళ్లతో సహా పెళ్లగించి కుప్పలేసిన చెట్లు. నివేదికలో దాదాపు వంద ఎకరాలు చదునైందని, నెమళ్లు, జింకలు, పక్షులు కనిపించాయని రాశారు. అది చదివిన ధర్మాసనం పరిస్థితి ఆందోళనకరంగా ఉందంటూ ఉన్న చెట్లను కాపాడటం తప్ప మరే పనీ చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ప్రధాన కార్యదర్శికి ప్రశ్నలు సంధించింది. అంత తొందరేమొచ్చింది? పర్యావరణ ప్రభావ అంచనా చేశారా? చెట్లు కొట్టడానికి అనుమతి ఉందా? కొట్టిన చెట్లను ఏం చేస్తున్నారు?

చివరి ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి.

నివేదికలో పెళ్లగించిన చెట్లు అన్నారు. జేసీబీ గొడ్డలిలా కోయదు. పళ్ల బకెట్టును నేలలోకి దింపి వేరుతోపాటు లేపుతుంది. మోడు మిగలదు. మోడు లేకపోతే ముద్ర లేదు. ముద్ర లేకపోతే లెక్కపెట్టడానికి ఏమీ లేదు. నిజాం కాలపు కూపులో దొంగ కాంట్రాక్టరు నలభై చెట్లు ఎక్కువ కొట్టినా పట్టుకోవడానికి నలభై మోళ్లు మిగిలేవి. కంచ గచ్చిబౌలిలో ఏ జాతి చెట్లు ఎన్ని పోయాయో తేల్చడానికి కుప్పల్ని తిరగేయాల్సి వచ్చింది, ఉపగ్రహ చిత్రాలు చూడాల్సి వచ్చింది.

అనుమతి సంగతికొస్తే, 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అందరూ వాల్టా అంటారు, ఊళ్లో సామాన్యుడు తన పెరట్లో వేపచెట్టు కొట్టుకోవాలన్నా అటవీ అధికారి అనుమతి అడగమంటుంది. సుబాబుల్, జామాయిల్, సర్వి లాంటి కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు కింద తమకు తామే ధ్రువీకరించుకుని కొట్టామని ప్రభుత్వం తరఫున వాదన వచ్చింది. మినహాయింపు పెట్టింది తోట వేసుకున్న రైతు ఆఫీసుల చుట్టూ తిరగకుండా ఉండటానికి. వంద ఎకరాల తుప్పల అడవిని పండగ రాత్రి పెళ్లగించే సంస్థ కోసం కాదు. ఇది నా అభిప్రాయం. అయితే ఏప్రిల్ 16న కోర్టు కూడా ఆ వాదనకు మెత్తబడలేదు. పోయిన వంద ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళికతో రండి, లేకపోతే అధికారులకు అక్కడి చెరువు దగ్గరే తాత్కాలిక జైలు కట్టాల్సి వస్తుందని ధర్మాసనం హెచ్చరించింది. అంతకుముందే ఏప్రిల్ 10న కేంద్ర సాధికార కమిటీ వచ్చి నేలంతా తిరిగి చూసింది. ఆ కమిటీ పుట్టింది కూడా గోదావర్మన్ కేసులోనే, 2002లో.

మే 15న మళ్లీ విచారణ. అప్పటికి జస్టిస్ గవాయ్ దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పునరుద్ధరిస్తారా, అధికారుల్ని జైలుకు పంపమంటారా అన్న ధోరణి. ఆగస్టు 13 నాటికి స్వరం కొంత మారింది. అభివృద్ధికి మేం వ్యతిరేకం కాదు, పర్యావరణాన్ని కాపాడే సమగ్ర ప్రణాళిక తెస్తే మిగతా ఫిర్యాదులు వదిలేస్తామని చెప్పి ఆరు వారాల గడువు ఇచ్చారు.

ఇదంతా గచ్చిబౌలి గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు జీడిమెట్లలో ఉంటారు. ఉంటే వాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. జీడిమెట్ల పారిశ్రామికవాడను తీర్చిదిద్దింది 1973లో పుట్టిన ఏపీఐఐసీ. దాని తెలంగాణ వారసురాలే టీజీఐఐసీ. మన జీడిమెట్ల షెడ్ల కింది నేల చూసుకునే సంస్థా, ఆ 400 ఎకరాల్లో జేసీబీలు దింపిన సంస్థా ఒకటే.

మేడ్చల్, శామీర్‌పేట వైపు అడవి ఖాళీ ఏమీ కాలేదు. దూలపల్లి ఉంది, కండ్లకోయ ఉంది, శామీర్‌పేట జింకల పార్కు ఉంది. దుండిగల్ దగ్గర ఖాజీపల్లి అటవీ బ్లాకు అభివృద్ధికి 2020లో నటుడు ప్రభాస్ రెండు కోట్లు ఇచ్చారు. చెంగిచెర్ల బ్లాకుకు 2022లో నాగార్జున అంతే ఇచ్చారు. దత్తత అన్నారు. మంచిదే. కంచె కట్టారు, నడక దారులు వేశారు. రికార్డుల్లో రిజర్వు ఫారెస్టు అని రాసున్న నేలకు దత్తత తల్లిదండ్రులు దొరుకుతున్నారు. ఆ ముద్ర లేని నేల సంగతే ప్రశ్న. చెరువు శిఖం పక్కన, పాత క్వారీ చుట్టూ, మూతపడ్డ ఫ్యాక్టరీ వెనకాల, ప్రభుత్వ స్థలం అని బోర్డు మాత్రమే పాతిన చోట, ముప్పై ఏళ్లుగా పెరిగిన చెట్లకు ఎవరు దిక్కు? కోర్టు చెప్పిన జాబితాలోకి అవి ఎక్కాలి. ఎక్కించేది కమిటీ. కమిటీకి మన ఊరి తుప్పల అడవి గురించి చెప్పాల్సింది మనమే.

పాత కూపుల పద్ధతి మళ్లీ రావాలని నేను కోరను. అందులో దోపిడీ ఎంతుందో పైనే చెప్పాను. కానీ ఆ దోపిడీకి ఒక రిజిస్టరు ఉండేది. చెట్టు సర్కారు ఖాతాలో సొత్తుగా ఉండేది కనుక దాన్ని దొంగిలించినట్టు రుజువు చేయగలిగేవాళ్లు. నేడు భూమి ధర ఎకరానికి కోట్లలోకి పోయాక, దాని మీది చెట్టు సర్కారు దృష్టిలో ఆదాయం కాదు, ఎత్తిపోయాల్సిన చెత్త. ఎత్తిపోసే కాంట్రాక్టరుకు డబ్బు సర్కారే ఇస్తుంది. అంటే ప్రజల సొత్తును పారేయడానికి ప్రజలే కూలి ఇస్తున్నారు.

కాబట్టి మీ కాలనీ పక్కన సర్కారు స్థలంలో సర్వేయర్లు గొలుసు పట్టుకుని కనిపిస్తే, జేసీబీ వచ్చేదాకా ఆగకండి. జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. వాల్టా అనుమతి ఉందా, ఏ తేదీన ఇచ్చారు, చెట్ల జాబితా ఏది, ఏ జాతి ఎన్ని, కలప ఎవరికి అమ్ముతారు, డబ్బు ఏ ఖాతాకు పోతుంది అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత. జాబితా లేదని జవాబొస్తే ఆ కాగితం పట్టుకుని వెంటనే కోర్టుకు వెళ్లండి. పండగ సెలవులు మొదలు కాకముందే వెళ్లండి.